ముక్కున్న గిన్నె

మొన్న మా మేనకోడలు జయపురంలో ఒక పాత సామాన్ల కొట్టు నుంచి ఫోనుకి ఫొటో పంపింది. తెల్లటి పింగాణీ గిన్నె. ఒక పక్క పిచ్చుక ముక్కులాంటి కొమ్ము, పైన సగం దాకా మూత అతికించినట్టు ఉంది. "ఏటత్తా ఇది? టీ పోసుకునేదా?" అని కింద రాసింది.

డెబ్బైల్లో రాయగడలోని మా ఇంట్లో అచ్చం అలాంటిదే ఉండేది. అది మా పెద్దమ్మది. ఆవిడ కోరాపుట్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక చెల్లెలైన మా అమ్మ దగ్గరికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్న సామాన్లలో సగం ఏమిటో మాకు తెలియదు. గాజు బీరువాలో ఆ గిన్నెకి పైఅర దక్కింది. నేనందులో జడపిన్నులు వేసుకునేదాన్ని.

ఒక వానాకాలం ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చెంచాతో గంజి పడితే సగం మెడమీదికి కారేది, మిగతా సగం పొలమారేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. అలాంటప్పుడు ఎడమచెయ్యెత్తి బీరువాకేసి చూపించడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే తీసి చూపిస్తే, గిన్నె దగ్గర కళ్లు పెద్దవయ్యాయి.

"దీంతో ఏటి సెయ్యాలప్పా?" అంది అమ్మ. అక్కని అప్ప అనేది. పెద్దమ్మ తన నోటికేసి వేలు చూపింది. "మాట పోనాదంటంది" అని అమ్మ కళ్లొత్తుకుంది.

తలో ఊహా చేశాం. దొరలు పులుసు పోసుకునేదన్నారు నాన్న. నేను బంతిపూలు పెట్టి మంచం పక్కన ఉంచాను. చూడ్డానికొచ్చిన పక్కింటి ఒడియా ఆవిడ దీపమేమో అంటే, నూనెపోసి ముక్కులో ఒత్తివేసి వెలిగించాం కూడా. పెద్దమ్మ ఆ వెలుగుని కాసేపు చూసి కళ్లు మూసుకుంది. "మనకి తెలీడం నేదమ్మి" అంది అమ్మ నాతో, గిన్నె ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకునే.

మర్నాడు ఆ నూనె జిడ్డు వదలగొట్టడానికి అమ్మ పెరట్లో కూర్చుంది. తోమి, నీళ్లుపోసి వంచింది. సగం మూత నీళ్లని ఆపేసింది. ముక్కులోంచి సన్నటి ధార మాత్రమే వచ్చింది. అమ్మ మళ్లీ వంచి చూసింది. గబగబా లోపలికెళ్లి గోరువెచ్చని గంజి పోసి, ఆ ముక్కుని పెద్దమ్మ ఎడమ పెదవి కొసన ఆనించింది.

"ఇందుకేనేటప్పా?"

పెద్దమ్మ గుటక వేసింది. ఒక్క చుక్క బయటపడలేదు. తర్వాత ఎడమచేత్తో అమ్మ మణికట్టు పట్టుకుని, ఎంత వంచాలో నేర్పింది.

చలికాలం రాకముందే ఆవిడ పోయింది. ఆకలితో మాత్రం పోలేదు. అప్పటిదాకా బీరువాలోని మిగతావాటినీ చూపిస్తూనే ఉండేది. అవేమిటో మేం కనుక్కోలేకపోయాం. ఆవిడ నోటితో చెప్పగలిగిన సంవత్సరాలన్నీ మా ఇంట్లో, మేం ఏదీ అడక్కుండానే తాపీగా గడిచాయి. చేత్తో చెప్పాల్సివచ్చిన ఆ కొద్ది వారాలే ఎలా జారిపోయాయో తెలియలేదు.