ఎర్ర పెన్ను కింద కాగితం

తప్పు దిద్దుతున్నప్పుడు మనిషి చెప్పే మాట చెవిన పడుతుందా? దయాసాగర్ మాస్టారికి ఇప్పటికీ తెలియదు.

జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే అప్పలలక్ష్మి, సూపర్‌వైజరు కావాలన్న ఆశతో నాతవరం నుంచి షేర్ ఆటోలో నర్సీపట్నం వచ్చి, సాయంత్రాలు ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేది. నోటితో అడగలేక ఒకరోజు తన సంగతి కాగితం మీద ఇంగ్లీషులోనే రాసి తెచ్చింది. డ్యూటీ సాయంత్రానికి మారిందట. సాయంత్రం క్లాసు మానడానికి రీజన్ అదేనట. పాఠం పొద్దున్న పూట చెబితే వస్తానంది.

“‘రీజన్ టు మై లీవింగ్’ ఏటమ్మా? ‘టు’ కాదు, ‘ఫర్’ రావాలని సెప్పి సెప్పి నా నోరు పడిపోతంది,” అంటూ ఆయన ఎర్ర సున్నా చుట్టారు.

“మరి మిగతాదండీ, మేస్టారూ?”

“మిగతాదంతా కరెక్టే.”

ఆమె కాగితం తీసుకుని మడిచింది. ఆయన మరో కాగితం అందుకున్నారు. రోజూ వినిపించే “ఎల్లొస్తానండీ” ఆవేళ వినిపించలేదు. తలెత్తేసరికి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేవు.