చదివింపుల బల్ల పక్కన

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకి కూడా తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడలేరు కనుక. పిరికివాడు అనుకుంటారేమో. అనుకోండి.

విజయవాడలో నాది పెళ్ళి ఫొటోల స్టూడియో. సందుకో నెట్ సెంటర్ తెరుస్తున్న రోజుల్లో నేనూ ఒక వెబ్‌సైట్ పెట్టాను. ఊళ్ళలో ఉన్న చుట్టాలు పెళ్ళి ఫొటోలు నెట్లో చూసుకుని ప్రింట్లు అడగాలి, రేపు వాళ్ళింట్లో పెళ్ళికి నన్నే పిలవాలి. అదీ నా ఆశ. సైటయితే పెట్టాను గానీ దాన్ని చూసే నాథుడు ఉండాలిగా? నెలకోసారి కొత్త ఫొటోలతో ఉత్తరం పంపాలంటే జనాల ఈమెయిల్ ఐడీలు కావాలి. ఊరికే అడిగితే ఎవరిస్తారు?

అప్పుడు తట్టింది ఉపాయం. పెళ్ళిలో చదివింపులు రాసే బల్ల ఉంటుంది కదా, దాని పక్కనే ఇంకో బల్ల వేసి, నోటుబుక్కు పెట్టి, పెన్నుకి దారం కట్టాను. పేరు, ఊరు, ఈమెయిల్. చదివింపు రాయించినవాళ్ళు ఇదీ అందులో భాగమే అనుకుని వరసలో వచ్చి రాసేసేవాళ్ళు. కాదని నేను చెప్పలేదు. ఒక పెద్దాయన పిన్‌కోడుతో సహా ఇంటి అడ్రసు రాశాడు. ఈమెయిల్ లేనివాళ్ళు అల్లుడిది రాశారు. నవ్వుకుంటూనే అన్నీ ఎక్కించుకున్నాను. జాబితా పెరిగేకొద్దీ నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

కానీ నా ఉత్తరాలు వెళ్ళడమే గానీ, బాగుందనో బాగాలేదనో ఒక్కరూ జవాబు రాసేవాళ్ళు కాదు. అది నన్ను లోపల తినేసేది.

ఆ వేసవిలో ఉష, కిరణ్ వచ్చారు. కులాలు వేరు. ఉష వాళ్ళక్క పెళ్ళి రెండు నెలల్లో ఉంది. అది అయ్యాకే ఇంట్లో చెప్పాలని, ఈలోగా ఎవరికీ తెలియకుండా మంగళగిరి గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ తరఫున వచ్చింది ఉష స్నేహితురాలు సలోమి ఒక్కతే. గుడి మెట్ల మీద ఉష మెడలో దండ, ఒంటి మీద ఆ పొద్దున్నే కొన్న నేత చీర. కొంగుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. సలోమి దాని దారం పళ్ళతో కొరికి తెంపబోతుంటే ఉష పగలబడి నవ్వింది. పక్కన కిరణ్ బిత్తరపోయి చూస్తున్నాడు. అప్పుడు నొక్కాను. అంత మంచి ఫొటో అంతకుముందు తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు.

"అక్క పెళ్ళయ్యేదాకా నెట్లో పెట్టొద్దు సార్" అంది ఉష. అలాగేనమ్మా అన్నాను. పెట్టాక తెలియజేయమని తన ఐడీ నా పుస్తకంలో రాసింది. ఫొటోల సిడి ఒకటి సలోమి దగ్గర దాచమని ఇప్పించింది.

మూడు వారాలు ఆగాను. ఆ నెల ఉత్తరంలోకి వేరే ఫొటో ఏదీ కంటికి ఆనలేదు. మర్చిపోయి పెట్టానని చెప్పొచ్చు. మర్చిపోలేదు. పేర్లు రాయడం లేదుగా, ఇంతమందిలో ఎవరు గుర్తుపడతారులే అని నాకు నేనే నచ్చజెప్పుకుని, దాన్ని సైట్లో పెట్టి, ఉష ఐడీ ఒక్కటీ తప్పించి మిగతా అందరికీ పంపాను. ఆమెది తప్పించానంటే, తప్పని తెలిసే చేసినట్టు కాదూ?

మర్నాడు జవాబు వచ్చింది. నా జాబితాకి మొట్టమొదటి జవాబు. ఫొటో చాలా బాగుందండీ, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎగిరి గంతేశాను. వెంటనే కూర్చుని రాశాను. మంగళగిరి అండీ, మూడు వారాలైంది, ప్రేమపెళ్ళి, చూడముచ్చటైన జంట. అడగనిది కూడా చెప్పాను.

నాలుగో రోజు ఫోనొచ్చింది.

"సార్, నేను ఉషని. ఎస్‌టీడీ బూత్ నుంచి చేస్తున్నాను. తొందరగా చెప్పండి. మా ఫొటో మీరు నెట్లో పెట్టారా?"

ఆ ఫొటో అప్పుడు నా కంప్యూటర్ మీద, నా ఎదురుగానే ఉంది.

"లేదమ్మా. ఏమైంది?"

"మైలవరం నుంచి మామయ్య వచ్చాడు సార్. ఫొటో ప్రింటు తీయించుకొచ్చి అమ్మ ముందు పడేశాడు. ఎక్కడిదంటే చెప్పడు, చెంప పగలగొడుతున్నాడు. నన్నెక్కడికో పంపించేస్తారంట. మరి ఎలా వెళ్ళింది సార్ ఆయన చేతికి?"

"నాకేం తెలుసమ్మా? మీ ఫ్రెండ్ దగ్గర సిడి ఉందిగా."



"సలోమియా... అది అలా చేస్తుందా సార్?"

కాదమ్మా అనడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చింది ఆ పిల్ల.

"థాంక్సండీ. మీరన్నా నిజం చెప్పారు" అని పెట్టేసింది.

గబగబా సైట్లోంచి ఆ పేజీ తీసేశాను. తర్వాత నోటుబుక్కు తిరగేశాను. నాకు జవాబు రాసిన ఆయన పేరు, ఐడీ దొరికాయి. పక్కన ఊరు మైలవరం. ఎవరి పెళ్ళిలోనో నా బల్ల ముందు వరసలో నిలబడి రాసి ఉంటాడు.

నెల తిరక్కుండానే ఉషకి వేరే పెళ్ళి చేశారట. కిరణ్ వచ్చి చెప్పి, ఫొటోలన్నీ పట్టుకెళ్ళాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాను. ఎంత మంచివారండీ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ నోరు విప్పలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక చర్చి పెళ్ళిలో సలోమి కనిపించింది. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీలో కూర్చున్నామని, ఉష ఇప్పుడు తన ఫోనే ఎత్తదని, సిడి బీరువాలోంచి బయటికి కూడా తీయలేదని, ఎవరు నమ్ముతారని ఏడ్చింది. నేను నమ్ముతాననైనా అనలేదు. ఊరుకోమ్మా అని, ఫ్లాష్ సరిచేసుకుంటున్నట్టు అటు తిరిగాను. ఉష బతుకు పాడుచేసింది నా గొప్పల పిచ్చి. కానీ సలోమి విషయంలో ఏం చెప్పుకోను? అది పొరపాటు కాదు. రిసీవర్ చేతిలో పట్టుకుని, ఆలోచించి చేసిన పని.

ఉష ఐడీ నా జాబితాలో ఇంకా ఉంది. పంపినవి తిరిగి రావడం లేదు కాబట్టి ఎక్కడో అందుతూనే ఉండాలి. ఏడేళ్ళుగా నెలనెలా ఆమెకి పెళ్ళి ఆల్బమ్‌ల మీద తగ్గింపు ధరలు పంపుతున్నాను. పంపాల్సిన మాట ఒక్కటే పంపలేదు. రేపు పంపుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. ఇక్కడైతే రాశాను, చెయ్యి కాస్త తేలికపడింది, అంతే.

సలోమి చెప్పలేదు ఉషా. నేనే చెప్పాను.