పొడిచి పలకరించే ఓబెద్

మా ఓబెద్ కోర్కమ్ ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ ఇంటిని పొడుస్తాడు. పలకరింపు తర్వాత. కెనడాలో మా నోవా స్కోషియా తీరంలో మేమంతా గుమ్మం ముందు టోపీ తీస్తాం. ఆయన స్క్రూడ్రైవర్ తీస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని చెక్క గోడ కింద ఇంటిని మోసే దూలంలో కసుక్కున దించుతాడు. దిగకపోతే "కులాసాయేనా?" అంటాడు. దిగితే ఇక ఆ ఇంట్లో కులాసా అడిగి ప్రయోజనం లేదని ఆయన సిద్ధాంతం.

తన పెళ్లినాడు చర్చి మెట్లను పొడుస్తూ పెళ్లికూతుర్ని పావుగంట నిలబెట్టాడు. "నన్ను పొడిచి చూడలేదు, అదే పదివేలు" అంటుంది ఆవిడ ఇప్పటికీ.

పోటుకు పుచ్చు బయటపడితే ముఖం వేలాడేసి, తానే పాడుచేశానని ఒప్పుకుని, తానే బాగుచేసి పోయేవాడు. అంచేత ఓబెద్‌ది మొరటు చెయ్యి అని ఊరంతా తీర్మానించింది. మా ఇంటికి పదకొండు పోట్లు పడ్డాయి గనక నేనూ సంతకం పెట్టాను.

మావైపు చలికి ముందు, గాలి దూరకుండా ఇంటి అడుగుచుట్టూ చెక్కలు కట్టి సముద్రపు గడ్డి కూరుతాం. వసంతం రాగానే తీసేయాలి. ఊరందరికీ అత్తయ్య అయిన వెర్నా నికిల్, భర్త చివరిసారి కూరిన గడ్డిని ఆరేళ్లు తీయనివ్వలేదు. తడికి దూలం పుచ్చి ఇల్లు ఒక మూల కుంగింది. వీధి తలుపు గడియ పడటం లేదు. మంచు కురిసేలోగా పడకపోతే ఆవిడకు పట్నంలో గది చూస్తానన్నాడు మేనల్లుడు. ఆవిడ ఒకరి సాయం ముట్టదు. సాయానికొచ్చిన చర్చి పెద్దల్ని చీపురుతో సాగనంపింది.

అక్టోబరులో ఓబెద్ నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. గడ్డి పక్కకు లాగి పొడిచాడు. పిడిదాకా దిగింది.

"నా పోటుకే పోయింది, అత్తయ్యా."

"నీ చేతులు పడిపోను! మా ఆయన కట్టిన ఇల్లురా అది."

"తప్పు నాది. నేనే బాగుచేస్తా."

"నువ్వు కాక ఇంకెవరు చేస్తారు? కానియ్."

ఇల్లు ఎత్తే జాకీలు తెమ్మంటే ఓబెద్ ట్రక్కు దగ్గరికి వెళ్లాను. జాకీల పక్కన కొత్త దూలం ఉంది, ఆ గోడకు అంగుళం తేడా లేకుండా కోసి. పోటు పడిందేమో ఇప్పుడే. ఎలాగని అడిగితే "అంచనా" అన్నాడు.

నాలుగో రోజున గడియ పడింది. వెర్నా తలుపు మూసి, తెరిచి, మళ్లీ మూసి, చివరికి బ్లూబెర్రీ కేకుతో బయటికొచ్చింది.

"వంటింటి మూల కూడా కుంగుతోందిరా. ఈసారి కొలతలకు పగలే రా. తెల్లవారకుండా టేపు పట్టుకుని గోడ వెంట పాకుతుంటే నా కోళ్లు దడుసుకుంటున్నాయి."

ఓబెద్ కేకును పొడిచాడు. స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది. ఆ ఒక్కసారి మాత్రం తప్పు తనదనలేదు.