నా గొంతు ఇచ్చిన మాట

ఆ రోజుల్లో గొంతు అనేది మనిషికి ఊరికే దొరికిన వస్తువని, ఎంత వాడినా అరగదని, దాన్ని ఎక్కడ వాడినా ఆ తర్వాతి సంగతులు మన గడప తొక్కవని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో ఇలాంటి నమ్మకాలు చాలా ఉంటాయి. డిగ్రీ పాసైతే ఉద్యోగం వస్తుందన్నది వాటిలో ఇంకొకటి. అది ముందే పోయింది కాబట్టి, ఉప్పుగూడలోని మా ఇంటి నుంచి రోజూ బహదూర్‌పురా దాకా వెళ్లి ఒక రికార్డింగ్ దుకాణంలో అనౌన్స్‌మెంట్లు చదివేదాన్ని. దుకాణం అంటే ఒక గది, గోడలకు పాత పరుపులు (బయటి హారన్లు లోపలికి రాకుండా), ఒక మైకు, ఒక కంప్యూటర్. యజమానిని అందరూ సౌండ్ భాయ్ అనేవారు. చీరల డిస్కౌంటు, కోచింగ్ సెంటరు, పాత కూలర్లు కొనే బండి... మా వైపు గల్లీల్లో తెలుగులో ఏ బండి అరిచినా దాదాపు అది నా గొంతే. పాత ఇనుము బండి వచ్చిందంటే చాలు, మా నానమ్మ పని వదిలేసి గడప మీదికొచ్చి, "అగో, నా మనుమరాలు" అని అందరికీ చూపించేది. (అక్కడ కనిపించేది మీసాల బండివాడు. కొత్తగా వచ్చినవాళ్లు కొంచెం కంగారు పడేవారు.)

అలా ఉండగా మా ఎమ్మెల్యే పోయాడు. పెద్ద వయసే, పాపం. బతికున్నప్పుడు కూడా ఆయన మాకు పెద్దగా కనిపించింది లేదు కాబట్టి, పోయిన సంగతి కూడలిలో కట్టిన ఫ్లెక్సీల వల్లే తెలిసింది. ఉపఎన్నిక ప్రకటించారు. మామూలు ఎన్నికల్లో రాష్ట్రమంతా పంచిపెట్టాల్సిన ప్రేమను ఉపఎన్నిక వస్తే ఒక్క నియోజకవర్గం మీదే కుమ్మరిస్తారని అప్పుడే చూశాను. ఏళ్ల తరబడి నోరు తెరుచుకున్న మ్యాన్‌హోళ్లకు మూతలు వచ్చాయి. వీధి దీపాలు పగలు కూడా వెలిగాయి. ఒక మంత్రిగారు మా గల్లీ మొదట్లో ఉన్న బండి దగ్గర దోసె వేశారు (అది మాడిపోయింది, ఫొటో మాత్రం బాగా వచ్చింది). అన్నిటికంటే పెద్ద వింత నీళ్లు. రోజు విడిచి రోజు, అదీ సన్నటి ధారగా వచ్చే నల్లా, రోజూ పొద్దున్నే గడియారం చూసుకున్నట్టు రావడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు బిందెలన్నీ నింపి, ఇంకా నీళ్లు మిగిలితే ఏం చేయాలో తోచక మెట్లు కడిగారు, సైకిళ్లు కడిగారు, దొరికిన పిల్లలను కడిగారు.

పోటీ ముఖ్యంగా రెండు గుర్తుల మధ్య. ఒకటి గొడుగు, రెండోది కుట్టుమిషన్. ఆ రెండు పార్టీల ఆటో ప్రచారం రికార్డింగులూ సౌండ్ భాయ్‌కే వచ్చాయి. పొద్దున గొడుగు కాగితం చదివి బయటికొస్తే, మధ్యాహ్నానికి నా చేతిలో కుట్టుమిషన్ కాగితం పెట్టాడు.

"ఇదేంది భాయ్? పొద్దున వీళ్లనే కదా దొంగలన్న!"

"తో క్యా హువా బేటా? ఆవాజ్‌కు పార్టీ ఉంటదా? గొంతు గొంతే. సుబహ్ గొడుగు, దోపహర్‌కు కుట్టుమిషన్. గొడుగుకు కొంచెం మీఠా చెప్పు, దీనికి కొంచెం జోష్ పెట్టు. ఎవ్వలికీ ఫికర్ లేదు."

కాగితం చూస్తే నిజంగానే ఎవరికీ ఫికర్, దిగులు అక్కర్లేదనిపించింది. అభ్యర్థి పేరు, గుర్తు తప్ప మిగతాదంతా పొద్దున చదివిందే. ఎవరు ఎవరిది చూసి రాశారో దేవుడికే తెలియాలి. కుట్టుమిషన్ తరఫున వచ్చిన కళ్లద్దాల సారు మాత్రం ఒక్క కొత్త సంగతి చేర్పించాడు. "మా క్యాండిడేట్ గొంతు బొంగురుంటదమ్మా. లేడీస్ ఓట్లకు లేడీస్ గొంతే గావాలె. నువ్వే మాటిచ్చినట్టు చెప్పు" అన్నాడు. నేను పరుపుల మధ్య నిలబడి, కళ్లు మూసుకుని, ఎంతో భావంతో చెప్పాను: "అక్కలారా, అమ్మలారా! మీ ఇంటి ఆడబిడ్డగా మాట ఇస్తున్నా. రోజు విడిచి రోజు కాదు, రోజూ మంచినీళ్లు! నీళ్లు రాని నాడు నన్ను నిలదీయండి!" సౌండ్ భాయ్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ చాలా గర్వపడ్డాను. నిలదీయడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. బాపుకు పురానాపూల్ దగ్గర పాల దుకాణం. ఊహ తెలిసినప్పటి నుంచీ గొడుగు పార్టీ మనిషి. స్కూటరుకు రెండు పక్కలా పాల క్యాన్లు, ముందు గొడుగు జెండా. పార్టీ ఆయనకు ఒక టోపీ తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ టోపీని ఇస్త్రీ చేసి పెట్టుకునేవాడు. నేను గొడుగుకు చెప్పానని తెలిసి ఆయన దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఒక గరిటె పాలు ఎక్కువ పోశాడట. రెండో రికార్డింగు సంగతి నేను చెప్పలేదు. సమయం చూసి చెబుదామనుకున్నాను. ఆ సమయం గొడుగు ఆటో, కుట్టుమిషన్ ఆటో మా గల్లీ మలుపులో ఎదురెదురుగా వచ్చి ఆగిపోయిన రోజు దానంతటదే వచ్చింది.

మా గల్లీలో ఒక్క ఆటోయే ఒళ్లు ముడుచుకుని వెళ్లాలి. రెండింటిలో ఏదీ వెనక్కి తీయనంది. తీస్తే పార్టీ వెనకడుగు వేసినట్టే. మధ్యలో స్కూటరు మీద మా బాపు, క్యాన్లతో సహా. ఒక వైపు నుంచి నేను "మోసగాళ్లను తరిమికొట్టండి, గొడుగుకే ఓటేయండి" అని తియ్యగా వేడుకుంటున్నాను. రెండో వైపు నుంచి నేనే "ఆ మోసగాళ్ల మాట నమ్మకండి" అని గర్జిస్తున్నాను. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మా నానమ్మ గడప మీద నిలబడి ఎడమకూ కుడికీ చెవులు పెట్టి, చివరికి పక్కనే ఉన్న నా వైపు తిరిగింది.

"ఏందే, నిన్ను నువ్వే తిడుతున్నవ్?"

బాపు హెల్మెట్ తీసి రెండు ఆటోలనూ విన్నాడు. తర్వాత నన్ను చూశాడు. ఇంట్లోకి వచ్చి, పాల క్యాన్లు దించి, నాతో మాట్లాడటం మానేసి నానమ్మ ద్వారా రాయబారం మొదలుపెట్టాడు.

"అమ్మా, గొడుగు ఇంట్ల కుట్టుమిషన్ ఆవాజ్ ఏందో అడుగు దాన్ని."

"పొద్దున గొడుగుకే చెప్పిన బాపూ. కుట్టుమిషన్ మధ్యాహ్నం."

"మరి పొద్దుమూకినంక ఎవరిదే?" అని నానమ్మ నిజమైన ఆసక్తితో అడిగింది. బాపు అన్నం పళ్లెం వదిలేసి లేచిపోయాడు. ఆనాటి నుంచి ఇంట్లో అదే పద్ధతి. నాకు చారు కావాలా వద్దా అన్నది కూడా నానమ్మ మీదుగానే తేలేది.

పోలింగు రోజు కూడా నా గొంతు నన్ను వదల్లేదు. స్కూల్లో వరుసలో నిలబడి లోపలికి వెళ్లాను. పేరు అడిగితే చెప్పాను, అంతే. కూర్చున్న ఏజెంట్లు ఒక్కసారిగా తలెత్తారు. ఇద్దరి కళ్లలోనూ ముందు "మన పిల్లే" అన్న సంతోషం, మరుక్షణం అనుమానం. గొడుగు ఏజెంటు లేచి, "సార్, ఈ పిల్ల మాట్లాడితే బూత్‌ల ప్రచారం చేసినట్టే. అబ్జెక్షన్!" అన్నాడు. కుట్టుమిషన్ ఏజెంటు కూడా వెంటనే సమర్థించాడు. ఆ ఎన్నిక మొత్తం మీద ఆ రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడే. పోలింగ్ ఆఫీసరు పాపం పెద్దమనిషి, నుదురు రుద్దుకుని, "అమ్మా, నోరు తెరవకుండా సంతకం పెట్టి పో" అన్నాడు. ప్రజాస్వామ్యంలో నా తొలి ఓటు మూగగా వేశాను.

కుట్టుమిషన్ గెలిచింది. బాపు టోపీ తీసి బీరువాలో పెట్టాడు. పటాకుల కాగితాలు ఊడ్చేలోపే వీధి దీపాలు ఆరిపోయాయి (పగలు మాత్రమే కాదు). మంత్రులు వెళ్లిపోయారు. నల్లా మళ్లీ రోజు విడిచి రోజుకు వచ్చింది, తర్వాత అదీ మానేసి తనకు బుద్ధి పుట్టినప్పుడు రావడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. గుమ్మంలో మూలింటి అక్క. వెనకాల గల్లీలోని ఆడవాళ్లందరూ. అందరి చంకల్లోనూ ఖాళీ బిందెలు.

"నీళ్లేవే?" అంది మూలింటి అక్క.

"నన్నడుగుతవేందక్కా? ఎమ్మెల్యేను అడగాలె."

"గాయిన గొంతు ఎట్లుంటదో మాకేమెరుక? ఆడబిడ్డగ మాటిచ్చింది నువ్వు. నిలదీయుమన్నది నువ్వు. నిలదీసెటందుకే వచ్చినం."

"అది రికార్డింగక్కా! కాగితం మీద ఉన్నది చదివిన!"

"చదివినప్పుడు ఏడ్సినట్టే చదివినవ్ గదా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. (నటన అంత బాగా కుదిరినందుకు ఆ క్షణంలో కూడా నాకు లోలోపల కొంచెం సంతోషం వేసింది. కళాకారుల బలహీనత.) బిందెలు మా వాకిట్లో వరుసగా దిగాయి. నీళ్లొచ్చేదాకా తీసేది లేదన్నారు. నానమ్మకు బయటికి వెళ్లే దారి లేకుండా పోయింది. అప్పటిదాకా లోపల వింటున్న బాపు బయటికొచ్చి, చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు: "నేను ముందే చెప్పిన. కుట్టుమిషనోళ్లు కుట్టేది మన నోర్లే అని."

పరుగున వెళ్లి సౌండ్ భాయ్‌కు చెప్పుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "బేటా, నువ్వు కొత్తగ ఏం చెప్పకు. చెప్తే కేసైతది. వాళ్లదే వాళ్లకు వినిపియ్" అని, ప్రచారానికి తిరిగిన ఆటోనే స్పీకర్లతో సహా ఇచ్చాడు. మూలింటి అక్క, ఆడవాళ్లు, బిందెలు వెనకాల ఆటోల్లో ఎక్కారు. డ్రైవరు పక్కన సగం సీటు మీద ఎవరో కూర్చున్నారు. చూస్తే బాపు. "పార్టీ తరఫున రాలే. తండ్రి తరఫున వచ్చిన" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

ఎమ్మెల్యే ఇంటి ముందు ఆటో ఆపి రికార్డు పెట్టాం. నేను బాపు వెనకాల దాక్కున్నాను గానీ, స్పీకర్లో నా గొంతు మాత్రం సింహంలా ఉంది. కాపలా కానిస్టేబుల్ లాఠీ పట్టుకుని ఉరికొచ్చాడు. రెండు వాక్యాలు విని ఆగిపోయాడు. "ఇది సార్‌ను మెచ్చుకునేదే గదా?" అన్నాడు. "అవునన్నా, అంతా మెచ్చుకునేదే" అన్నాను. ఆపాలో సెల్యూట్ కొట్టాలో తెలియక ఆయన పక్కకు జరిగాడు. నీళ్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు బిందెలు వాయించారు. అది ఎన్నిసార్లు తిరిగిందో గానీ, చివరికి ఎమ్మెల్యేగారు లుంగీ మీదే బయటికొచ్చారు. బొంగురు గొంతు, కళ్లద్దాల సారు అబద్ధం చెప్పలేదు. మొత్తం శ్రద్ధగా విన్నారు. మొదటిసారి వింటున్నట్టు ముఖంలోనే తెలుస్తోంది.

"ఇదంతా మనం చెప్పినమా?" అని పక్కనున్న పీఏను మెల్లగా అడిగారు. ఆటోలో ఆయన పక్కనే ఉన్న మైకు ఆన్‌లో ఉండటం వల్ల వీధంతా విన్నది.

ఆ సాయంత్రం ట్యాంకరు వచ్చింది. తర్వాత ఎవరో వచ్చి వాల్వు దగ్గర తవ్వి, ఏదో మార్చారు. రోజూ నీళ్లన్నది ఏనాడూ నిజం కాలేదు, కానీ రోజు విడిచి రోజు మాత్రం తప్పకుండా వచ్చాయి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బాపు నానమ్మ అవసరం లేకుండా నాతో అన్నాడు: "గొంతు మంచిగనే ఉన్నది. పార్టీయే ఖరాబు."

ఇప్పుడు నేను దగ్గర్లోని బడిలో తెలుగు చెబుతాను. పెళ్లయినా అదే గల్లీ. మొన్న మళ్లీ ఎన్నికల ఆటో వచ్చింది. ఆడగొంతే, తేనెలా ఉంది. ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. మూలింటి అక్క చెయ్యి నుదుటికి పెట్టుకుని చూస్తూ, "మంచిగ చెప్తున్నదే. ఎవరి బిడ్డ? ఇల్లేడ?" అంది.

"ఇల్లు లేదక్కా. అది కంప్యూటర్ గొంతు, మనిషి కాదు."

"గట్లనా... మరి నీళ్లు రాకుంటె ఎవలింటికి పోవాలె?" అని, తల తిప్పి నన్నే చూసింది.

నాకు పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి మెల్లగా లోపలికి జరిగాను. ఆ ఇరవై రెండేళ్ల పిల్లయితే ఈపాటికి భయపడుతూనే చెప్పులేసుకుని ఉండేది. పిచ్చిది. దాన్ని తలుచుకుని, తలుపు వెనకాల నిలబడి, కాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.