ఈల కోసం ఒక పన్ను

ఆ రోజు ఉదయం మంచు దట్టంగా పట్టింది. తర్లుపాడు దగ్గర మా ఊళ్ళో గొర్రెల్ని దొడ్డిలోంచి బయటికి తోలి, ఎప్పటిలాగే ఈల వేశాను. ఈల రాలేదు. ఉత్త గాలి పోయింది, నోట్లో ఉప్పగా రక్తం తగిలింది. వేలు పెట్టి చూస్తే పై వరసలో ముందు పన్ను ఊగుతోంది. ముందు రోజు పొట్టేలు గిట్టలో ముల్లు తీస్తుంటే అది తల ఎగరేసి మూతి మీద కొట్టింది. పెదవి వాచిందనుకున్నానే గాని, దెబ్బ పంటిదాకా పోయిందనుకోలేదు.

ఆడదానికి ఈలేమిటని మీరు అనుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో అత్తగారి ఊళ్ళో అందరూ అన్నారు. మా నాయనకు మగపిల్లలు లేరు, మంద వెంట నన్నే తిప్పుకున్నాడు. నాలుక పై పళ్ళకు ఆనించి ఈల వేయడం ఆయనే నేర్పాడు. మంచులో నాకు గొర్రెలు కనిపించవు, వాటికి నేను కనిపించను. ఆ ఈలకే వస్తాయి. అది పోతే మంద నాది కాదనిపించింది.

ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాను. పది రోజులకు సంగటి తింటుంటే పన్ను చేతిలోకి వచ్చేసింది. మార్కాపురం వెళ్ళి, తీసి పెట్టుకునే పన్ను కట్టించుకున్నాను. మర్నాడు గట్టిగా ఈల వేస్తే అది ఎగిరి గడ్డిలో పడింది. నేనూ మా ఆయనా మధ్యాహ్నం దాకా గొర్రెల పెంటికల మధ్య వెతికాం.

"గొర్రెలకే కాదు, ఇంగ పన్నుకు గూడా కాపలా కాయాల్నా?" అని ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మళ్ళీ మార్కాపురం వెళ్తే, అక్కడి పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే, స్కాన్ తీయించి నెమ్మదిగా చెప్పింది. "బ్రిడ్జ్ కట్టాలంటే రెండు పక్కల పళ్ళు అరగదీయాలమ్మా. అవి బాగుండాయి, వాటి జోలికి ఎందుకు? ఎముకలో చిన్న టైటానియం స్క్రూ పెడతా. దాన్నే ఇంప్లాంట్ అంటారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి మూడు నాలుగు నెలలు పడతది. ఆ తర్వాతే దాని పైన పన్ను మాదిరి క్యాప్."

షుగరుందా, బీపీ ఉందా, పొగాకు అలవాటుందా అని అడిగింది. ఏదీ లేదన్నాను.

మత్తు సూది వేశాక మూతి నాది కాకుండా పోయింది. డ్రిల్ చప్పుడు ఎక్కడో దూరంగా పలకల రాయి కోసే మిషన్ తిరుగుతున్నట్టు వినిపించింది. నొప్పి లేదు, అదురు మాత్రమే. కళ్ళు మూసుకుంటే తెల్లటి మంచు, అందులో గొర్రెల మెడగంటలు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించాను, సగం పెదవి నిద్రలోనే ఉంది. మా స్టాపు దాటిపోయాక కండక్టర్ లేపాడు.

స్ట్రాతో తాగొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, ఈల అసలే వద్దు అని డాక్టరమ్మ చెప్పి పంపింది. అన్నీ పాటించాను.

ఆరో రోజు ఒక గొర్రె ఈనింది. పిల్లకు ఊపిరి ఆడడం లేదు. మా ఇళ్ళల్లో అలాంటప్పుడు ముక్కుకు నోరు పెట్టి జిగురు పీల్చేస్తాం, తర్వాత ఊదుతాం. నేనూ అదే చేశాను. నోట్లో వేసిన కుట్లు గుర్తే రాలేదు. పిల్ల తుమ్మి లేచి నిలబడింది. నోరు కడుక్కుని ఆ సంగతే మరిచిపోయాను.

అది జరిగిన మూడో రోజుకు చిగురు వాచింది, తర్వాత చీము పట్టింది. తిడతారని భయపడి వారం ఆగాను. అది నా రెండో తప్పు.

"ఇన్ఫెక్షన్ అయింది, స్క్రూ కదులుతా ఉంది. తీసెయ్యాల. ఏం చేసినావమ్మా?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. ఆమె చేతిలోని అద్దం కింద పెట్టింది. "ఇట్లాంటి పనొకటి ఉంటదని నాకు తెలీదే! ముందే చెప్పింటే చెయ్యొద్దనేదాన్ని. ఆగేదానివా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆగేదాన్ని కాదు డాక్టరమ్మా. కళ్ళ ముందర పిల్ల చస్తాంటే ఎట్ల ఆగేది?"

ఆమె నా చీటీ తీసి అందులో రాసుకుంది. "అయితే ఈసారి మీ గొర్రెలు ఈనే కాలం అయిపోయినాక పెడదాం."

స్క్రూ తీసేసింది, మందులిచ్చింది. గాయం మాని, ఎముక గట్టిపడేదాకా నెలల తరబడి ఎదురుచూశాను. ఆ రోజుల్లో ఒకటే కల. కొండవాలున నిలబడి ఈల వేస్తుంటాను, చప్పుడు రాదు, మంద తెల్లటి పొగలోకి నడిచి వెళ్ళిపోతుంది. మెలకువ వచ్చేసరికి నాలుక పంటి సందులో ఉండేది. ఇక ఈ జన్మకు ఇంతేనేమో అనుకున్న రోజులున్నాయి.

రెండోసారి పెట్టిన ఇంప్లాంట్‌ను ఎముక పట్టుకుంది. నాలుగు నెలల తర్వాత డాక్టరమ్మ దాని మీద చిన్నగా తట్టి, "గట్టిగా మోగుతాంది" అంది. క్యాప్ పెట్టాక మర్నాడు మేపుకు వెళ్ళి ఈల వేశాను. పెద్ద గొర్రెలన్నీ తలలెత్తాయి. ఈల లేని నెలల్లో పుట్టిన పిల్లలు మాత్రం మేస్తూనే ఉన్నాయి, వాటికి అది కొత్త. తల్లులు కదిలాక అవీ వెంట పరుగెత్తాయి. అక్కడే ఒక బండ మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను.

ఇప్పుడు రోజూ మెత్తటి బ్రష్‌తో ఆ చిగురు చుట్టూ శుభ్రం చేసుకుంటాను, ఆరు నెలలకోసారి చూపించుకుంటాను. ఈనే కాలంలో పిల్లకు ఊపిరి పోసే పని మళ్ళీ నాదే.

మీకు చెప్పేది ఒక్కటే. ఇంప్లాంట్ పెట్టించుకునే ముందు షుగరు, బీపీ సంగతులతో పాటు, మీ పనిలో నోటితో ఏమేం చేస్తారో నామోషీ పడకుండా డాక్టరుకు చెప్పండి. గొర్రెపిల్ల ముక్కు సంగతి ఏ డాక్టరూ తనంతట తాను అడగడు.