చిన్నబడిలో దొరగారి పేరు

నెయాఫు రేవు మీది గుట్ట ఎక్కితే ఒక చిన్న రేడియో స్టేషన్ ఉండేది. అందులో లోసలీన్ పని చావు కబుర్లూ పడవ కబుర్లూ టైపు చేసి, చదివేవాడి చేతికివ్వడం. బయటి దీవుల్లో రేడియో పెట్టుకునేవాళ్లు పాటలకంటే ఆ కబుర్ల కోసమే పెట్టుకునేవాళ్లు. ఎవరు పోయారో, ఎవరింటికి పరామర్శ చాపలు మోసుకెళ్లాలో, శనివారం పడవ వస్తుందో రాదో వాళ్లకు తెలిసేది లోసలీన్ వేళ్ల చివరి నుంచే.

ఆమె దగ్గరున్నది నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాల పాత కంప్యూటర్. ఏ కబురుకు పేరు పెట్టినా ఎనిమిది అక్షరాలు దాటనివ్వదు. అందుకని పోయినవాళ్ల పేర్లు కోయాల్సి వచ్చేది. ఆ కోయడంలో లోసలీన్‌ది అందెవేసిన చెయ్యి. తల తీయాలా తోక తీయాలా అని కాసేపు పెదవి కొరుక్కుని, చూడగానే ఫలానా మనిషి అని తెలిసేలా కోసేది. తెర మీద పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో, జెండాకర్రల్లా నిటారుగా నిలబడేవి. వాటిలో వాళ్ల నాన్న మోతులాలో పేరు కూడా ఉంది. ఆయన పడవ నడిపేవాడు, ఏ బిరుదూ లేనివాడు. కోయకుండా ఎనిమిది అక్షరాల్లో సరిగ్గా సరిపోయిన పేరు ఆయనది. ఆ కబురు ఆమే టైపు చేసింది, ఏడుస్తూ.

అట్లాంటి చోటికి ఆక్లండ్‌లో కంప్యూటర్ చదువు చదువుకుని వైమోవానా వచ్చింది. ఆమె వెంటే ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. తెల్లటి తెర, దానికి తోకున్న ఎలుక. ఆ ఎలుకను బల్ల మీద జరిపితే తెర మీద బాణం పరిగెత్తేది.

మొదటి వారంలోనే కబుర్లు చదివే హోపోవాతె తన కుర్చీని ఆ కొత్త బల్ల పక్కకు ఈడ్చుకున్నాడు. అంతకుముందు అన్నేళ్లూ పొద్దున్నే వచ్చి "అక్కా, ఇవాళ ఎవరెళ్లిపోయారు?" అని లోసలీన్ బల్ల మీద చేతులానించి నిలబడేవాడు.

"కుర్చీకి కాళ్లొచ్చాయే!" అంది లోసలీన్.

"ఇక్కడ గాలి బాగా వస్తోందక్కా," అన్నాడు వాడు.

"అవునవును. ఆక్లండ్ గాలి."

మధ్యాహ్నం చేమాకుల్లో మాంసం పెట్టి కొబ్బరిపాలతో ఉడికించిన లూ తెచ్చేది లోసలీన్. అంతకుముందు అందరూ ఆమె డబ్బా చుట్టూ చేరేవాళ్లు. ఇప్పుడు వైమోవానా వాళ్ల అవ్వ పంపిన కర్రపెండలం ముక్కలు ముందు అయిపోతున్నాయి. స్టేషన్ పెద్ద పెనిసిమని కూడా వేళ్లు నాకుతూ "మీ అవ్వ చేతిలో ఏముందమ్మాయ్!" అనేవాడు. లోసలీన్ డబ్బా మూత గట్టిగా నొక్కి, మిగిలిన లూ ఇంటికి పట్టుకెళ్లి పందులకు వేసేది. పందులు మెచ్చుకున్నట్టే తినేవి. దాంతో ఆమెకు ఇంకా మండేది.

ఒకరోజు పెనిసిమని, "పాత కబుర్లన్నీ కొత్తదాంట్లో ఎక్కించాలి, నీ డిస్కులు వైమోవానాకి ఇవ్వమ్మా," అన్నాడు. లోసలీన్ ఇచ్చింది. ఇచ్చి, వెనకాల నిలబడి చూసింది.

తెల్లటి తెర మీద పేర్లు వరసగా దిగాయి. అన్నీ చిన్నబడి అక్షరాల్లో ఉన్నాయి. ఒక్కదానికీ తలపాగా లేదు. ఊరిదొర ఫనువాలెయ తల్లి పోయినప్పటి కబురు, దొరగారి పేరుతోనే దాచింది, అది కూడా చీమల బారులా నేలకు అతుక్కుని ఉంది. ఇంకాస్త కిందకు చూస్తే మోతులాలో. నాన్న పేరును ఎవరో మోకాళ్ల మీద కూర్చోబెట్టినట్టుంది.

నాన్న పేరు ఎత్తితే ఎవరికి పట్టింది? లోసలీన్ దొర పేరు పట్టుకుంది.

"ఏం పిల్లా, దొరగారి పేరు చిన్నబడిలోకి దించావా? ఆక్లండ్‌లో దొరలు లేరని ఇక్కడా లేరనుకున్నావా?"

వైమోవానా వెనక్కి తిరిగింది. "నేనేం ముట్టుకోలేదక్కా. డిస్కులో ఎలా ఉంటే అలా వచ్చాయి."

"మరి దెయ్యం వచ్చి దిద్దిందా?"

వైమోవానా ఆ పేరును మళ్లీ పెద్దబడిలో కొట్టింది. మీట నొక్కగానే అది చిన్నబడిలోకి జారిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ జారింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. లోసలీన్‌కు చాలారోజుల తరవాత కడుపు చల్లబడింది.

ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. ఆదివారం చర్చిలో పాట సాధన దగ్గర లోసలీన్ ఒకావిడ చెవిలో వేసింది. సోమవారానికి దొర తరఫున మాట్లాడే పెద్దమనిషి గుట్టెక్కి వచ్చాడు. పెనిసిమని మర్యాదకు నడుముకు చుట్టిన చాప సర్దుకుంటూ ఎదురెళ్లాడు. పెద్దమనిషి తెర ముందు వంగి, కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో చూపిస్తూ చదివాడు.

"ఇదేనా మా దొరగారి పేరు? వంటవాడి పేరనుకున్నాను."

పెనిసిమని తల ఎత్తలేదు. వైమోవానాను బయట వరండాలో కూర్చోమని, లోసలీన్‌తో "నువ్వే సరిచెయ్యి తల్లీ. ఆ పేర్లు పెట్టింది నువ్వేగా," అన్నాడు.

లోసలీన్ డిస్కు తీసుకుని తన పాత మెషీన్లో పెట్టింది. పేర్లన్నీ పెద్దబడిలోనే ఉన్నాయి. ఎలా పెట్టిందో అలాగే నిలబడి ఉన్నాయి. నమ్మకం కుదరక కొత్తదాంట్లో పెట్టింది, చిన్నబడి. పాతదాంట్లో పెట్టింది, పెద్దబడి. అప్పుడర్థమైంది. పేరు మారలేదు. మారింది చూపించే తెర. ఆ పిల్ల దేన్నీ ముట్టుకోలేదు.

అప్పుడే లేచి వరండాలోకి వెళ్లి ఆ మాట చెప్పాల్సింది. కిటికీలోంచి చూసింది. హోపోవాతె వైమోవానా పక్కన గొంతుకూర్చుని కొబ్బరిబొండం అందిస్తున్నాడు. తప్పు చేసిందని అందరూ అనుకుంటున్నా దానికే బొండం! లోసలీన్ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది.

"రండయ్యా, సరిచేశాను," అని పెద్దమనిషిని పాత తెర దగ్గరికి పిలిచింది. ఆయన చూసి, గొంతు సవరించుకుని, "ఇలా ఉండాలి," అన్నాడు. పెనిసిమని ఆమె భుజం తట్టాడు. ఆ మధ్యాహ్నం అందరూ ఆమె డబ్బాలో లూ తిన్నారు. తన వాటా మాత్రం ఆమె పందులకు పట్టుకెళ్లింది.

మర్నాడు వైమోవానా అందరికంటే ముందొచ్చింది. లోసలీన్ వచ్చేసరికి గదిలో వాళ్లిద్దరే.

"అక్కా, ఇటు రా. నిన్న సరిచేశావుగా, చూడు."

తెర మీద పేర్లు చిన్నబడిలోనే ఉన్నాయి. వైమోవానా బాణాన్ని పైకి నడిపి, అక్షరాలు ఎలా కనిపించాలో ఎంచుకునే చోటు తెరిచింది. అక్కడొక చిన్న గడి, అందులో టిక్కు. దాన్ని తీసేసింది. పేర్లన్నీ ఒక్కసారి పెద్దబడిలో లేచి నిలబడ్డాయి. మళ్లీ టిక్కు పెట్టింది. కూర్చున్నాయి. తీసింది. లేచాయి.

"నువ్వు సరిచేస్తే ఇందులో ఎందుకు మారలేదా అని రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకున్నా. నువ్వేం సరిచెయ్యలేదు. నీ తెర మీద చూసి, తప్పు నాది కాదని నీకు తెలిసిపోయింది. అవునా?"

లోసలీన్ చేతిలోని లూ డబ్బా తన బల్ల మీద పెట్టింది.

"అందరూ నీ బల్ల దగ్గరికే పోతారు," అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"అందుకని? మా అవ్వ ఆదివారం నుంచీ గడప దాటలేదు! దొరగారిని చిన్నబుచ్చిన ఇల్లని ఎదురింటివాళ్లు పలకరించట్లేదు!" వైమోవానా లేచి నిలబడింది. "పెనిసిమని గారికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

లోసలీనే చెప్పింది. పెనిసిమని అరవలేదు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. "చాప పట్టుకుని వాళ్ల అవ్వ దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకో. తరవాత దొరగారింటికి నేనూ వస్తా," అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

పెట్టెలో ఉన్నవాటిలో మంచి చాప తీసి, భుజాన వేసుకుని వెళ్లింది లోసలీన్. ముసలావిడ లోపలికి రమ్మనలేదు. వాకిట్లో ఎండలో తలొంచుకుని కూర్చుంటే, లోపల్నుంచి దగ్గు వినిపిస్తోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, మాట మాత్రం లేదు. వీపు కాలి, కాళ్లు తిమ్మిరెక్కాక ఆవిడ కర్ర పట్టుకుని వచ్చింది. చాప అంచు ఎత్తి పరీక్షగా చూసింది.

"ఎవరల్లారు?"

"నేనేనమ్మా."

"అంచు వంకర పోయింది. మనసు ఎక్కడో పెట్టి అల్లావు."

"తప్పయిపోయింది, క్షమించండి."

"మోతులాలో కూతురివి కదూ? మీ నాన్న ఒకసారి తుఫానులో నన్ను పడవెక్కించుకున్నాడు. దారంతా తిట్టాడు నేను బరువని." ముసలావిడ బోసినోటితో నవ్వింది, వెంటనే నవ్వు ఆపేసింది. "ఆయన మొహం చూసి తీసుకుంటున్నా. నీ మొహం చూసి కాదు. లోపలికొచ్చి నీళ్లు తాగు."

పెనిసిమనితో దొరగారింటికీ వెళ్లి తప్పు ఒప్పుకుంది. కబుర్ల పని ఆ తరవాత వైమోవానా చేతికి వెళ్లింది. లోసలీన్‌కు పాటల క్యాసెట్లు సర్దే పని ఇచ్చారు. వైమోవానా చాలాకాలం ఆమెతో ముక్తసరిగానే మాట్లాడింది. కొత్తదాంట్లోనూ ఎనిమిది అక్షరాలే పట్టేవి కాబట్టి, ఎప్పుడైనా పొడుగాటి పేరు తగిలితే మాత్రం, ఇటు తిరక్కుండానే "దీన్నెక్కడ కొయ్యాలి?" అనేది. లోసలీన్ కూడా అటు చూడకుండానే చెప్పేది. ఈర్ష్య చచ్చిందా అంటే చావలేదు. ఆ పిల్ల కొత్త గౌను వేసుకొచ్చినా, హోపోవాతె నవ్వినా, ఛాతీలో అదే పాత నొప్పి, పంటి నొప్పిలా. దాన్ని మోస్తూ పని చేసుకోవడం అలవాటైంది.

కొన్నేళ్లకు వైమోవానాకు రాజధాని నుకువలోఫాలో పెద్ద ఉద్యోగం వచ్చింది. రేవులో సగం ఊరుంది. మెడ నిండా పూలదండలు. హోపోవాతె సిగ్గు లేకుండా ఏడుస్తున్నాడు. లోసలీన్ తను పొద్దున్నే లేచి గుచ్చిన దండ ఆ పిల్ల మెడలో వేసి, చెంపకు చెంప ఆనించి, పక్కకు తప్పుకుంది. వెంటనే ఇంకెవరో వచ్చి దాని మీద ఇంకో దండ వేశారు. దాని మీద మరొకటి పడింది.

'నాది పైకి లాక్కుని వేసుకోవచ్చుగా,' అనుకుంది లోసలీన్, ఒళ్లు మండి. పడవ కూత వేసింది. జనం ఇళ్లకు మళ్లారు. ఆమె మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పడవ దీవి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆ ఎండలోనే నిలబడింది.