గోడ దిక్కు తిరిగిన అయ్యగారు

“గుడి గుడే గద. దగ్గరున్నదాన్ని ఇడిచిపెట్టి హనుమకొండ దాక జట్కా కట్టించుకొని ఎవలన్న పోతరా?” అన్నాను నేను.

“అది మన గుడి కాదు. బాప్తిస్మమంటే మనం నీళ్ళల్ల ముంచెటోళ్ళం, వాళ్ళు నెత్తి మీద చల్లెటోళ్ళు,” అన్నాడు మా ఇంటాయన.

“చల్లితే తప్పేంది? దోసెడు నీళ్ళతోని అయ్యే పనికి బాయంత నీళ్ళెందుకు?”

“నీతోని నాకు కాదు. మన సంఘపెద్దకు తెలిస్తే మళ్ళ మనల్ని గుడిల కూసోనియ్యడు. షిఫ్టు మారినంక నేనే తీస్కపోత, జర ఆగు.”

“వానలప్పటి సంది ఆగుతనే ఉన్న. ఇగ నాతోని కాదు.”

“పోతె పో. గని నోరు మాత్రం తెరవకు. పోయినవా, కూసున్నవా, వచ్చినవా, అంతే ఉండాలె.”

దీనికి గట్టి జవాబే తయారు చేసుకొని చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే ఆయన గురక వినబడింది. రాత్రంతా మిల్లులో మగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషి, ఆయన తప్పు కాదు. కానీ ఆ కాలంలో నా బతుకు ఎట్లా ఉండేదో మీకు తెలియాలంటే ఇదొక్కటి చాలు. కొట్లాట కూడా చివరి సగం నేనొక్కదాన్నే పూర్తి చేసుకునేదాన్ని.

అప్పుడు జర్మనీతో యుద్ధం నడుస్తోంది, సిపాయిల బట్టంతా నేయాలి. మిల్లుకు ఆదివారం లేదు, రాత్రి లేదు. నేను తొర్రూరు దిక్కు పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. మా పుట్టింట్లో ఎప్పుడూ మంది. ఒకరు అన్నం తింటుంటే ముగ్గురు చుట్టూ కూర్చొని కూరకు వంక పెట్టేవాళ్ళు. ఇక్కడ వరంగల్లులో మిల్లు కూలీల ఇళ్ళ లైన్లో ఒక్క అర్ర. ఒక పక్క ఇంట్లో తురక బేగమమ్మ ఉండేది, మంచిదే పాపం, తలుపు సందులోంచి నన్ను చూసి నవ్వేది. ఆమెకు తెలుగు రాదు, నాకు తురక మాట రాదు (తర్వాత వచ్చింది, ఇప్పుడు కూరగాయల బేరమంతా అందులోనే చేస్తాను). ఇంకో పక్కన తాళం వేసిన గది. పంపు దగ్గర మిగిలిన ఆడవాళ్ళు నన్ను చూడగానే బిందెలు పక్కకు జరుపుకునేవాళ్ళు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఇంటాయన పగలు పడుకునేవాడు గనుక గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టాలి. పొయ్యితో మాట్లాడేదాన్ని. పొయ్యి సరిగ్గా మండకపోతే దాన్ని పేరు పెట్టి తిట్టేదాన్ని. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరు లేరు. ఇంటాయన కూడా “ఏమే” అనేవాడు. రైలు పట్టాల అవతలి గుడి గంట ప్రతి ఆదివారం వినబడేది. అది ఏ గుడైతేనేం, అక్కడ మనుషులుంటారు, ఒక్కరన్నా పలకరిస్తారు. నాకున్న ఆశంతా అదే.

ఆ ఆదివారం ఆయన నిద్రలో ఉండగానే ఉతికిన చీర కట్టుకొని, కొంగు తల మీదికి లాక్కొని బయలుదేరాను. చెప్పులు మాత్రం చేతిలో పట్టుకున్నాను. గుడి దాకా నడిస్తే అరుగుతాయి, గుడి ముందు వేసుకుంటే సరిపోతుంది. తీరా అక్కడికి పోయి చూస్తే అందరూ చెప్పులు బయటే విడుస్తున్నారు. నేను వేసుకున్నాను, మళ్ళీ విడిచాను. మర్యాదకు మర్యాద, అరుగుదల లేదు.

గడప పక్కన గోడకు చిన్న రాతి గిన్నె, అందులో నీళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వేలు ముంచి నుదుటికి అద్దుకొని పోతున్నారు. మా ఊరి గుడి ముందు కాగుతో నీళ్ళు పెడతారు, కాళ్ళు మొహం కడుక్కోకుండా లోపలికి రానివ్వరు. ఇక్కడ నీళ్ళ కరువేమో అనుకున్నాను. అయినా దుమ్ము మొహంతో దేవుడి ముందుకెట్లా పోతానని దోసిలి నింపి మొహం కడుక్కొని, మిగిలినదాన్ని పారబోయడం ఎందుకని మెడ కూడా తడుపుకున్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నన్ను చూసి సంతోషపడ్డారనుకున్నాను.

ఆడవాళ్ళ వైపు కింద కూర్చున్నాను. నా పక్కన చెవులకు పెద్ద గంటీలున్న ముసలావిడ ఒకతె (మనసులో ఆమెకు గంటీలవ్వ అని పేరు పెట్టుకున్నాను). చూసి నవ్వుదామంటే ఆమె కళ్ళు మూసుకొని పూసలు లెక్కబెడుతోంది. ఇంతలో తెల్లగడ్డం అయ్యగారు మెరిసే అంగీ వేసుకొని వచ్చాడు. వచ్చినవాడు మాకు దండం పెట్టలేదు, బాగున్నారా అని అడగలేదు, తిన్నగా పోయి గోడకున్న కొవ్వొత్తుల బల్ల ముందు, గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు. మా అయ్యగారైతే ముందు మంది దిక్కు చూసి, ఎవరు రాలేదో కనుక్కొని, రానివాళ్ళను తిట్టి, అప్పుడు మొదలుపెట్టేవాడు. ఈయన గోడతో ఏదో తెలియని భాషలో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఈ మంది ఏదో పెద్ద తప్పే చేసి ఉంటారు, అలిగాడు అనుకున్నాను. వాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను కూర్చున్నాను. వాళ్ళను చూసి నేను మోకరించేసరికి వాళ్ళు లేచారు. నేను లేచేసరికి కూర్చున్నారు. బావిలో చేద లాగా నేనొక్కదాన్నే కిందికీ మీదికీ పోయాను.

అప్పుడు చిన్న గంట మోగింది. అందరూ తలలు వంచారు. ఒక్క మాట లేదు.

ఇక్కడ మా ఊరి పద్ధతి మీకు చెప్పాలి. మా గుడిలో తలలు వంచి అందరూ ఊరుకున్నారంటే, మందిలోంచి ఎవరో ఒకరు లేచి పెద్దగా ప్రార్థన చేయాలని అర్థం. ఎవరూ లేవకపోతే సంఘమంతటికీ నామోషీ. నేను బడిలో మూడో తరగతి దాకానే చదివినా, ప్రార్థనలో మాత్రం మా ఊళ్ళో నాకు మంచి పేరుండేది. ఆగాను. ఎవరూ లేవలేదు. ఇంకా ఆగాను. ఇంత మందిలో ఒక్కరికీ ప్రార్థన చేయడం రాదు గాబోలు, పాపం, అందుకే అయ్యగారికి కోపమొచ్చింది అని అర్థమైంది. ఇంటాయన మాట గుర్తుంది. కానీ సంఘం పరువు పోతుంటే చూస్తూ కూర్చోవడమెట్లా?

లేచి నిలబడ్డాను. “దయగల తండ్రీ,” అని మొదలుపెట్టాను, మా ఊరి గొంతుతోనే. “ఈ అయ్యగారికి ఈళ్ళ మీద ఏం కోపమొచ్చిందో నీకు ఎరుక. మొఖం గోడ దిక్కు పెట్టిండు. ఆయన కోపం సల్లార్చు తండ్రీ, ఇటు తిరిగేటట్టు చెయ్యి.” అక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఎన్నో రోజుల తర్వాత మనుషుల మధ్య నా గొంతు నాకే వినబడేసరికి ఆగలేదు. “ఈ ఊర్ల నాకు ఎవ్వలు లేరు. ఆయన మంచోడే, పగలంత పండుకుంటడు. నేను పొయ్యితోని మాట్లాడుతున్న తండ్రీ. ఒక్క మనిషిని ఇయ్యి. ముసలిదైనా సరే, చెవిటిదైనా సరే. ఆమెన్.”

నా ఆమెన్ గోడలకు తగిలి తిరిగొచ్చింది. మా ఊళ్ళో అయితే వంద ఆమెన్లు కలిసేవి. ఇక్కడ ఒక్కటే వినబడింది, నా పక్కనుంచి, మెల్లగా. అయ్యగారు ఇటు తిరగలేదు గానీ ఆయన భుజాలు కదిలాయి, దగ్గో నవ్వో నాకు ఇప్పటికీ తెలియదు. మగవాళ్ళ వైపు నుంచి కొందరు తలెత్తి చూశారు. వాళ్ళలో మిల్లు మనుషులు ఉన్నారని అప్పుడే గమనించాను. ఆ తర్వాత నేను తలెత్తలేదు. అయిపోగానే అందరికన్నా ముందు బయటపడ్డాను. ఒక్కరూ పలకరించలేదు. పలకరించడానికి నేను ఆగితే కదా.

ఇంటాయనకు ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఆయన సద్ది కట్టించుకొని మిల్లుకు పోతుంటే గల్లీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నా కథ ఆయనకన్నా ముందే మిల్లుకు చేరి ఉంటుంది. పొద్దున వచ్చి నన్ను పుట్టింటికి పంపిస్తాడో, సంఘపెద్ద ముందు నిలబెడతాడో.

ఇప్పుడు నా ఇంట్లో మనవలు, మనవరాళ్ళు ఒకరి మాట ఒకరికి వినబడకుండా అరుస్తుంటే, దీపం దండగ, నోరు మూసుకొని పడుకోండి అని కసురుతాను. వాళ్ళు నన్ను గయ్యాళి ముసలిదంటారు. పొయ్యితో మాట్లాడిన ఆ పిల్ల నాకే కొత్త మనిషిలా కనబడుతుంది. ఎదురైతే ఒక పూట కూర్చోబెట్టుకొని, చెప్పనిచ్చి వినేదాన్ని.

మర్నాడు పొద్దున గంటీలవ్వ, మిల్లు మనుషులను అడిగి ఇల్లు కనుక్కొని, చేటలో కందులు పోసుకొని మా గడపలో దిగింది. కూర్చొని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. “నిన్న దేవునికి అన్ని చెప్పినవు గని పేరు చెప్పలేదు. నీ పేరేంది బిడ్డా?” అని అడిగింది. చెప్పాను. చేటకు ఇటు పక్క కూర్చొని నేనూ రాళ్ళు ఏరాను. ఇంక నేను మాట్లాడే అవసరం కూడా పడలేదు, తన కోడలి సంగతి ఆమే చెప్పుకుంటూ పోయింది. అప్పుడే ఇంటాయన మిల్లు నుంచి వచ్చాడు. అంతా విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది. గడప దగ్గర నిలబడి నన్ను చూశాడు, అవ్వను చూశాడు. లోపలికి పోయి చాప తెచ్చుకొని, గల్లీలో గోడ నీడకు పరుచుకొని, మొహం మీద తువ్వాల కప్పుకొని అక్కడే పడుకున్నాడు.